చంటిపిల్ల గెలిచిన వ్యాజ్యం: సదర్లాండ్ యాత్ర

మొదటి రోజు: ఇన్వర్‌నెస్ నుంచి గోల్స్‌పీ

స్కాట్లండ్ ఉత్తరానికి వెళ్లే చిన్న రైలు ఇన్వర్‌నెస్ దాటాక సముద్రపు పాయలను చుట్టుకుంటూ, తీరికగా సాగుతుంది. నాతో పాటు మా మామయ్య ఉన్నారు. కాకినాడ కోర్టులో నలభై ఏళ్లు ఆస్తి వ్యాజ్యాలు నడిపి విశ్రాంతి తీసుకుంటున్న న్యాయవాది. ఎడిన్‌బరోలో మా ఇంటికి వచ్చిన రోజే అడిగారు: "ఇక్కడి బిరుదులు ఎవరి నుంచి ఎవరికి, ఏ లెక్కన వెళతాయమ్మా?" చెప్పడం కన్నా చూపించడం మేలనిపించింది. ఎర్ల్ అంటే ఇక్కడ తరతరాలుగా దిగే ప్రభువు బిరుదు. సదర్లాండ్ ఎర్ల్ బిరుదుకు దాదాపు ఎనిమిది వందల ఏళ్ల చరిత్ర ఉంది. అది పుట్టిన నేల, దాని కోసం జరిగిన హత్య, దానికి వారసులైన వారి కోట, ఆ కోట పేరుతో ఖాళీ అయిన ఊళ్లు, అన్నీ ఒకే జిల్లాలో ఉన్నాయి.

కల్‌రెయిన్ స్టేషన్ దాటి వంతెన ఎక్కేటప్పుడు కొండ మీద కార్బిస్‌డేల్ కోట కనిపించింది. చూడడానికి పురాతనంగా ఉన్నా, కట్టింది ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే. సదర్లాండ్ ఎర్ల్‌ల కుటుంబానికి తర్వాత డ్యూక్ అనే ఇంకా పెద్ద బిరుదూ వచ్చింది. వాళ్లలో మూడో డ్యూక్ భార్య 1888 నవంబరులో చనిపోయింది. నాలుగు నెలలు తిరక్కుండానే ఆయన మేరీ కరోలిన్ బ్లెయిర్ అనే వితంతువును పెళ్లాడాడు. 1892లో ఆయన పోతూ వీలునామాలో ఆమెకు పెద్ద సంపద రాసిపెట్టాడు. సవతి కొడుకు కోర్టుకెక్కాడు. ఒక కాగితాన్ని నాశనం చేసినందుకు ఆమె లండన్ హాలోవే జైలులో ఆరు వారాలు గడిపింది. చివరికి రాజీ కుదిరి, సదర్లాండ్ ఎస్టేటు హద్దుల బయట ఆమెకు ఒక కోట కట్టించి ఇవ్వడానికి కుటుంబం ఒప్పుకుంది. హద్దుకు సరిగ్గా అవతల, అందరికీ కనిపించే ఎత్తులో ఆమె స్థలం ఎంచుకుంది. గోపురానికి మూడు వైపులే గడియారాలు, సదర్లాండ్ వైపు గోడ ఖాళీ. ఆ కుటుంబానికి టైము కూడా చెప్పనని ఆమె పంతం పట్టిందని ఇక్కడి వారి మాట. కోట పూర్తయ్యేసరికి ఆమె లేదు, 1912లోనే చనిపోయింది.

మామయ్య కిటికీ వదల్లేదు. "సవతి తల్లికి రాసిన వీలునామా. ఇలాంటివి నేనెన్ని చూశానో!" అన్నారు.

ఆ మూడో డ్యూకే మేము ప్రయాణించే రైలుకు కొంత దారి వేయించినవాడు. రైలు కంపెనీ 1868లో గోల్స్‌పీ దాకా వచ్చేసరికి డబ్బు అయిపోయింది. అక్కడి నుంచి హెల్మ్స్‌డేల్ దాకా ఆయన సొంత ఖర్చుతో పట్టాలు వేయించాడు. అప్పట్లో ఆయన చేతిలో 13 లక్షల ఎకరాలకు పైగా భూమి ఉండేది. సాయంత్రానికి గోల్స్‌పీ చేరాం. ఒకటే పొడవాటి వీధి, దాని వెనకే సముద్రం.

రెండో రోజు: డోర్నాక్

బస్సులో డోర్నాక్ వెళ్లాం. ఊరి నడిబొడ్డున తేనె రంగు రాతి కెథడ్రల్. పదమూడో శతాబ్దంలో బిషప్ గిల్బర్ట్ కట్టించాడు. ఆయనది మొరేవియా వంశం, మొదటి ఎర్ల్ విలియందీ అదే వంశం. ఫ్లాండర్స్ నుంచి వచ్చిన ఫ్రెస్కిన్ అనే వాడు వీళ్ల మూలపురుషుడు. నార్స్ (స్కాండినేవియా) ప్రభువుల పట్టు నుంచి ఉత్తరాన్ని లాక్కోవడానికి స్కాట్లండ్ రాజులకు నమ్మకమైన మనుషులు కావాలి. అలా 1230 ప్రాంతంలో సదర్లాండ్ ఒక ఎర్ల్ రాజ్యమైంది. లోపల గిల్బర్ట్ సోదరుడు రిచర్డ్ రాతి ప్రతిమ ఉంది. దగ్గర్లోని ఎంబో వద్ద డేన్‌లతో పోరులో పోయాడు. ముఖం అరిగిపోయింది కానీ కవచం గుర్తుపట్టవచ్చు. మొత్తం పదహారు మంది ఎర్ల్‌లు ఈ నేల కింద ఉన్నారంటారు.

ఈ వంశం ఒకసారి సింహాసనం గడప దాకా వెళ్లింది. అయిదో ఎర్ల్ విలియం, స్కాట్లండ్ రాజు రాబర్ట్ బ్రూస్ కూతురు మార్గరెట్‌ను పెళ్లాడాడు. ఆమె సోదరుడు, రాజు రెండో డేవిడ్‌కు పిల్లలు లేరు. మేనల్లుడైన జాన్‌నే తన తర్వాతి వాడిగా భావించాడు. ఆ కుర్రవాడు రాజు విడుదలకు హామీగా ఇంగ్లండ్‌లో బందీగా ఉంటూ 1361లో ప్లేగు వాత పడ్డాడు. కిరీటం తర్వాత స్టువర్ట్‌లకు పోయింది.

అసలు మలుపు 1514లో వచ్చింది. తొమ్మిదో ఎర్ల్ సంతానం లేకుండా పోతే, బిరుదు అతని సోదరి ఎలిజబెత్‌కు దక్కింది. ఆమె భర్త ఆడం గోర్డన్ భార్య హక్కుతో ఎర్ల్ అనిపించుకున్నాడు. పిల్లలు గోర్డన్‌లయ్యారు. ఇంటి పేరు మారింది, బిరుదు మారలేదు. మామయ్యను ఇక్కడ కాసేపు ఆపి చెప్పాను, "ఈ 1514ను గుర్తు పెట్టుకోండి మామయ్యా, రెండున్నర శతాబ్దాల తర్వాత దీని మీదే వ్యాజ్యం నిలబడింది" అని.

మరో అర్ధశతాబ్దానికి విషం. 1567లో ఎర్ల్ జాన్‌నూ, గర్భవతిగా ఉన్న భార్యనూ హెల్మ్స్‌డేల్ కోటలో బంధువు ఇసొబెల్ సింక్లెయిర్ విందుకు పిలిచింది. తన కొడుక్కు బిరుదు దక్కాలంటే దారిలో ఉన్నది ఎర్ల్ కుమారుడు అలెగ్జాండర్. ఆ కుర్రవాడు వేట నుంచి ఆలస్యంగా వచ్చాడు. అప్పటికే విషం ఒంటబట్టిన తండ్రి, వాణ్ణి ముద్ద ముట్టనివ్వకుండా పంపేశాడు. దాహం వేసిన ఇసొబెల్ సొంత కొడుకు, తెలియక అదే పాత్ర అందుకుని తాగి చనిపోయాడు. భార్యాభర్తలూ రోజుల్లోనే పోయారు.

ప్రాణం దక్కిన అలెగ్జాండర్‌కు స్వేచ్ఛ దక్కలేదు. అతని సంరక్షణ హక్కు కెయిత్‌నెస్ ఎర్ల్ చేతికి చిక్కింది. పదిహేనేళ్ల పిల్లవాడికి తన ముప్ఫై రెండేళ్ల కూతురినిచ్చి పెళ్లి చేశాడు. మైనరు వారసుడంటే చుట్టూ ఉన్నవాళ్లకు అందివచ్చిన ఆస్తి. మామయ్య ఈ మాట విని తల పంకించారు. అలెగ్జాండర్ తప్పించుకున్నాక ఆ కోపం డోర్నాక్ మీద పడింది. 1570లో కెయిత్‌నెస్ మనుషులు, వాళ్లకు తోడుగా మెకే వంశం వాళ్లు వచ్చి ఊరిని దోచి, ఈ కెథడ్రల్‌కే నిప్పు పెట్టారు. తర్వాత అతను ఆ పెళ్లి నుంచి బయటపడి, 1573లో జీన్ గోర్డన్‌ను చేసుకున్నాడు. ఆమె బోత్‌వెల్ ఎర్ల్ విడిచిపెట్టిన భార్య. స్కాట్లండ్ రాణి మేరీని పెళ్లాడడానికి బోత్‌వెల్ ఆమెకు విడాకులిచ్చాడు. రాణి తల తెగింది, బోత్‌వెల్ డెన్మార్క్ జైలులో మతి చెడి పోయాడు. జీన్ మాత్రం 1629 దాకా బతికి, సదర్లాండ్ ఎస్టేటును తన చేతి మీద నడిపింది. ఈ వంశ కథలో నాకు అందరికన్నా ఇష్టమైన మనిషి ఆవిడే.

కాలిన కెథడ్రల్‌ను 1835–37 మధ్య బాగు చేయించింది మరో ఎలిజబెత్. 1839లో ఆమెనూ ఇక్కడే సమాధి చేశారు. ఆమె కోసమే మా ప్రయాణం.

మూడో రోజు: డన్‌రాబిన్ కోట

గోల్స్‌పీ నుంచి సముద్రం అంచున నడిస్తే కోట వస్తుంది. శంఖు టోపీల్లాంటి గోపురాలు, కింద ఫ్రెంచి పద్ధతిలో కత్తిరించిన తోటలు. 189 గదులు. ఈ రూపం 1845 నుంచి చార్లెస్ బ్యారీ ఇచ్చినది. లండన్ పార్లమెంటు భవనం కట్టినది ఆయనే. 1915లో మంటలు రేగాక లోపలి గదులు చాలా భాగం రాబర్ట్ లోరిమర్ తిరిగి దిద్దాడు. పాత కోట బురుజు ఈ కొత్త గోడల లోపల ఇరుక్కుని ఉంది. 1746లో జాకొబైట్లు, అంటే గద్దె పోయిన స్టువర్ట్ రాజవంశం కోసం తిరగబడినవాళ్లు, ఆ పాత కోటలో చొరబడితే అప్పటి ఎర్ల్ వెనక తలుపు నుంచి సముద్రానికి పారిపోయాడు.

మా పని ఎలిజబెత్ చిత్రపటం దగ్గర. ఆమె 1765 మేలో పుట్టింది. పెద్ద కూతురు చనిపోయిన దుఃఖం మరవడానికి తల్లిదండ్రులు బాత్ పట్నం వెళ్లి, 1766 జూన్‌లో రెండు వారాల తేడాతో ఇద్దరూ జ్వరంతో చనిపోయారు. ఏడాది నిండిన పిల్ల. అన్నదమ్ములు లేరు. ఆమెను ఎడిన్‌బరోలో అమ్మమ్మ పెంచింది. ఆ లోపు ఇద్దరు మగవాళ్లు బిరుదు మాదంటూ ముందుకొచ్చారు.

ఒకరు గోర్డన్‌స్టౌన్ సర్ రాబర్ట్ గోర్డన్, అలెగ్జాండర్, జీన్‌ల చిన్న కొడుకు వంశంలోని వాడు. మరొకరు ఫోర్స్ ఊరి జార్జ్ సదర్లాండ్, గోర్డన్‌లు రాకముందటి పాత ఎర్ల్‌ల మగ సంతతి. ఇద్దరూ చెప్పేది బిరుదు మగవారికే అని. కానీ ఆ మాట నిజమైతే ఇద్దరూ కలిసి నిలబడలేరు. ఆడవారికి హక్కే లేకపోతే 1514లో ఎలిజబెత్‌కు దక్కడం తప్పు, అప్పుడు గోర్డన్‌లందరూ పరాయివాళ్లు, ఫోర్స్ మనిషిదే గెలుపు. 1514 సరైనదే అయితే ఆడపిల్ల ద్వారా బిరుదు దిగుతుందని ఒప్పుకున్నట్టే. మరి ఈ చంటిపిల్లకు ఎందుకు దక్కదు?

"సర్ రాబర్ట్ తాను కూర్చున్న కొమ్మనే నరుక్కున్నాడు కదమ్మా," అన్నారు మామయ్య. కోట గదిలో, తాళ్లు కట్టిన కుర్చీల మధ్య, ఆయన కళ్లలో కోర్టు వెలుగు చూశాను.

పిల్ల సంరక్షకుల్లో ఒకరు న్యాయమూర్తి లార్డ్ హెయిల్స్. పాత శాసనాలు, దానపత్రాలు తిరగేయడంలో ఆయనకు సాటి లేరు. పాత స్కాటిష్ ఎర్ల్ బిరుదులు ఆడవారి ద్వారా ఎన్నిసార్లు దిగాయో ఒక్కొక్కటే పోగు చేసి ఆయన వాదపత్రం రాశారు. 1771 మార్చి 21న పార్లమెంటు ఎగువ సభ అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పింది: బిరుదు ఎలిజబెత్‌దే. ఆమెకు ఇంకా ఆరేళ్లు నిండలేదు.

మామయ్యకు మన సంస్థానాల వ్యాజ్యాలు గుర్తొచ్చాయి. పిఠాపురం వారసత్వ తగాదా కూడా లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వచ్చింది. "పంచుకోకుండా పెద్దవాడికే మొత్తం, అదొక్కటీ రెండు చోట్లా ఒకటే. కానీ మనకు దత్తత ఉంది," అన్నారు. ఇక్కడ దత్తపుత్రుడికి బిరుదు రాదు, ఈనాటికీ. ఆ మాట మీద మాకు డల్హౌసీ తట్టాడు. సతారా, నాగపూర్, ఝాన్సీ రాజ్యాలకు దత్తపుత్రులు పనికిరారని తోసేసిన గవర్నర్ జనరల్ కూడా స్కాటిష్ ఎర్ల్ వంశం వాడే. 1860లో కొడుకులు లేకుండా పోయాడు. ఆయనకు కొత్తగా ఇచ్చిన మార్క్విస్ బిరుదు ఆయనతోనే అంతరించింది. కూతుళ్లిద్దరికీ ఏ బిరుదూ దక్కలేదు, పాత ఎర్ల్ బిరుదు దాయాదికి పోయింది. ఆయన మన వారికి అన్వయించిన తర్కం ఆయన పుట్టి పెరిగిన ఇంటిదే అని నాకు ఆ గదిలో తెలిసింది.

ఒకే ఇంట్లో రెండు రకాల బిరుదులుంటే ఏమవుతుందో కూడా ఈ కోటే చూపిస్తుంది. ఎలిజబెత్ 1785లో ఇంగ్లిష్ ధనవంతుడు జార్జ్ గ్రాన్‌విల్ లూసన్-గోర్‌ను పెళ్లాడింది. 1833 జనవరిలో అతన్ని సదర్లాండ్ డ్యూక్ చేశారు. ఆరు నెలలకే చనిపోయాడు. డ్యూక్ బిరుదు రాజపత్రంలో మగ సంతతికి అని రాసి ఉంది. ఎర్ల్ బిరుదుకు అలాంటి షరతు లేదు. నాలుగు తరాలు రెండూ ఒకరి నెత్తినే ఉన్నాయి. 1963 ఫిబ్రవరిలో అయిదో డ్యూక్ పిల్లలు లేకుండా పోయేసరికి రెండూ విడిపోయాయి. డ్యూక్ బిరుదు మొదటి డ్యూక్ చిన్న కొడుకు వంశంలోని జాన్ ఎగర్టన్‌కు వెళ్లింది. ఆయన నివాసం దక్షిణాన ఇంగ్లండ్ సరిహద్దు దగ్గర మెర్టన్‌లో. ఎర్ల్ బిరుదు, ఈ కోట, వంశ నాయకత్వం అయిదో డ్యూక్ తమ్ముడి కూతురు ఎలిజబెత్‌కు వచ్చాయి. అదే ఏడాది జూలైలో చట్టం మారి, వారసత్వంగా బిరుదు పొందిన స్త్రీలకు హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో కూర్చునే హక్కు మొదటిసారి వచ్చింది. ఆమె 2019 డిసెంబరులో చనిపోయారు. ఇప్పుడు ఆమె కొడుకు అలిస్టర్ 25వ ఎర్ల్.

"1771 తీర్పు 1963లో కూడా పని చేసిందన్నమాట," అన్నారు మామయ్య, చాలా తృప్తిగా.

నాలుగో రోజు: బెన్ బ్రాగీ

ఊరి వెనక 397 మీటర్ల కొండ, దాని నెత్తిన మొదటి డ్యూక్ విగ్రహం, పీఠంతో కలిపి వంద అడుగులు. 1837లో నిలిపారు, నమూనా శిల్పి ఛాంట్రీది. వాన వల్ల దారి బురదగా ఉంది. మామయ్య సగం దాకా వచ్చి రాతి మీద కూర్చున్నారు, నేను పైకి వెళ్లాను. వివేకవంతుడు, దయగల భూస్వామి అని పీఠం మీద రాసి ఉంది. కింద సముద్రం దాకా, వెనక లోయల దాకా కనిపిస్తుంది. ఆ లోయల్లో ఊళ్లు లేవు. ఈ విగ్రహాన్ని కూల్చాలని ఒకప్పుడు దరఖాస్తులు పడ్డాయి. ఉండాలనే నా మాట. చదివినవారు పక్కనున్న లోయ కూడా చూసి రావాలి.

అయిదో రోజు: స్ట్రాత్‌నేవర్

కారు అద్దెకు తీసుకుని లెయిర్గ్ మీదుగా ఉత్తరానికి. ఒకే బండి పట్టే రోడ్డు, ఎదురుగా వాహనం వస్తే పక్కనున్న మలుపులో ఆగాలి. అల్ట్‌నహారా దాటాక నేవర్ సరస్సు, తర్వాత నది. రోసల్ అనే పాడుపడ్డ ఊరికి పైన్ అడవిలోంచి నడిచాం. ముఖానికి ముసిరే సన్నటి దోమలను ఇక్కడ మిడ్జ్‌లంటారు. అడవి మధ్య పెద్ద పచ్చిక మైదానం, దాని నిండా మోకాలెత్తు రాతి పునాదులు. పొడవాటి ఇళ్లు, ఒక చివర మనుషులు, మరో చివర పశువులు. ధాన్యం ఆరబెట్టే గుంటలు. నాగలి సాళ్ల గుర్తులు గడ్డి కింద ఇంకా కనిపిస్తాయి.

ఎలిజబెత్ భర్త కాలువల ఆదాయంతో దేశంలోకెల్లా ధనవంతుల్లో ఒకడు. లోయల్లోని పేద కౌలుదారులను సముద్రపు ఒడ్డుకు తరలించి, చేపలు పట్టేవాళ్లుగా మార్చి, లోయలను చెవియట్ గొర్రెలకు వదిలితే రాబడి పెరుగుతుందని ఎస్టేటు లెక్క వేసింది. 1814లో ఈ లోయను ఖాళీ చేయించినవాడు ఎస్టేటు ఉద్యోగి పాట్రిక్ సెల్లర్. ఖాళీ అయిన నేలను గొర్రెల కోసం కౌలుకు తీసుకున్నదీ అతనే. ఇళ్ల పైకప్పు దూలాలు తగలబెట్టారు. ఈ చెట్లులేని సీమలో దూలం ఒక కుటుంబానికి పెద్ద ఆస్తి, అది లేకపోతే తిరిగి ఇల్లు కట్టుకోలేరు. బాడిన్‌లోస్కిన్‌లో వందేళ్లకు చేరువైన మార్గరెట్ మెకే మంచం మీద ఉండగానే ఇంటికి నిప్పు పెట్టారని, దుప్పటిలో చుట్టి బయటికి తెచ్చినా అయిదు రోజులకు చనిపోయిందని సాక్షులు చెప్పారు. 1816 ఏప్రిల్‌లో ఇన్వర్‌నెస్‌లో విచారణ జరిగింది. జ్యూరీ సెల్లర్‌ను నిర్దోషి అంది. 1819లో మళ్లీ మంటలు. రోసల్‌కు చెందిన తాపీమేస్త్రీ డొనాల్డ్ మెక్లౌడ్ ఒక రాత్రి గుట్ట ఎక్కి చూస్తే, మండుతున్న ఇళ్లు 250 లెక్కకు వచ్చాయని తర్వాత పత్రికకు రాశాడు. అతని స్మారకం రోడ్డు పక్కన ఉంది.

పునాది రాళ్ల మధ్య నిలబడి మామయ్య అడిగారు: "వీళ్లకు పట్టాలేమైనా ఉన్నాయా?"

లేవు. ఏటికేడాది కౌలు, అదీ నోటి మాట మీద. తాతల నాటి నుంచి ఎర్ల్ పిలిస్తే కత్తి పట్టుకుని వెళ్లారు కాబట్టి ఈ నేల మీద తమకూ తరాల హక్కు ఉందని వాళ్లు నమ్మారు. 1799లో ఎలిజబెత్ పేరు మీద 93వ సదర్లాండ్ పటాలానికి కొడుకుల్ని ఇచ్చినప్పుడూ అదే నమ్మకం. ఆ నమ్మకానికి కాగితం లేదు.

నాకు నిన్నటి దాకా ఆ చంటిపిల్ల గెలుపు మీద సంతోషమే ఉంది. ఇప్పటికీ ఉంది. ఆ తీర్పు న్యాయమైనదే. అయితే ఒక్క పిల్ల వంశవృక్షాన్ని అయిదు శతాబ్దాలకు పైగా వెనక్కి తవ్వడానికి దేశంలోని గొప్ప న్యాయవాదులు అయిదేళ్లు పనిచేశారు. ఇక్కడి వాళ్లలో చాలామందికి అదే సదర్లాండ్ ఇంటిపేరు. వాళ్ల తాతలెవరో, ఎన్ని తరాలుగా ఇక్కడ ఉన్నారో ఏ కోర్టూ అడగలేదు. ఖాళీ చేయమన్న నోటీసులు ఆ పిల్ల పెద్దదై యజమానురాలైన ఎస్టేటు నుంచే వచ్చాయి. దీన్ని నేను క్షమించలేను.

రాత్రికి ఉత్తర తీరంలోని బెట్టీహిల్. తరిమిన వాళ్లలో కొందరిని సర్దిన ఊరు ఇది. ఎలిజబెత్ ముద్దుపేరే ఊరికి పెట్టారు. పాత చర్చిలో మ్యూజియం ఉంది, సమాధుల మధ్య స్కాట్లండ్ ప్రాచీన జాతి అయిన పిక్ట్‌ల కాలపు శిలువ రాయి ఉంది. అలసటతో త్వరగా పడుకున్నాం.

ఆరో రోజు: హెల్మ్స్‌డేల్

కిల్డొనన్ లోయ మీదుగా తూర్పు తీరానికి దిగాం. 1813లో ఇక్కడి వాళ్లు ఎదురు తిరిగారు, సైన్యం వచ్చింది. వంద మందికి దగ్గరగా ఓడెక్కి హడ్సన్ అఖాతం చేరి, చలికాలం గడిపి, మంచులో నడిచి రెడ్ రివర్‌కు వెళ్లారు. అదే నేటి విన్నిపెగ్ ప్రాంతం, అక్కడా కిల్డొనన్ అనే పేట ఉంది. హెల్మ్స్‌డేల్‌లో 2007లో నిలిపిన వలసజీవుల కంచు విగ్రహం ఉంది: తండ్రి ముందుకు చూస్తాడు, తల్లి చంటిబిడ్డతో వెనక్కి లోయ వైపు చూస్తుంది. విషవిందు జరిగిన కోట మాత్రం లేదు. మిగిలిన గోడలను 1970లలో కొత్త వంతెన కోసం తీసేశారు.

పక్కనే గుట్ట మీద గార్టీమోర్. కిల్డొనన్ నుంచి తోసేసిన వాళ్లకు ఇచ్చిన రాళ్ల నేల. 1880లలో భూమి హక్కుల ఉద్యమం ఈ జిల్లాలో రాజుకున్నది ఇక్కడి నుంచే. 1886లో పార్లమెంటు క్రాఫ్టర్ల చట్టం చేసింది. కౌలు కట్టినంత కాలం ఎవరూ తరమకూడదు, క్రాఫ్ట్ అనే ఆ చిన్న కమతాన్ని కుటుంబంలో వారికి రాసి ఇవ్వవచ్చు. 2016లో ఈ ఊళ్లవాళ్ల సంఘం సదర్లాండ్ ఎస్టేటు నుంచి మూడు వేల ఎకరాలకు పైగా కొనుక్కుంది.

కంచె దగ్గర ఒక పెద్దావిడ గొర్రెలకు మేత వేస్తూ ఉంది. మామయ్య తన న్యాయవాది ఇంగ్లిష్‌లో పలకరించి, ఈ కమతం మీకెలా వచ్చిందని అడిగారు. పెళ్లి చేసుకోని తన మేనత్త నుంచి వచ్చిందని, మేనత్తకు వాళ్ల అమ్మ నుంచి వచ్చిందని ఆమె చెప్పింది. మీ తర్వాత ఎవరికి అంటే, మేనకోడలి పేరు రాసి పెట్టానంది. మామయ్య వెంటనే నా వైపు తిరిగి, రిజిస్ట్రేషన్ ఎక్కడ చేస్తారో అడగమన్నారు. అడిగాను. క్రాఫ్టింగ్ కమిషన్‌కు తెలియజేయాలని, దరఖాస్తులు ఇన్వర్‌నెస్‌కు వెళతాయని ఆమె చేతులు తుడుచుకుంటూ వివరంగా చెప్పడం మొదలుపెట్టింది.